‘కోశారంట’ నుంచి ‘చేయించుకున్నా’ దాకా: గుంటూరు–ప్రకాశం మెట్టప్రాంతపు శస్త్రచికిత్స కథనాల భాష

వ్యాససంగ్రహం:
అనారోగ్య కథనాల గురించి పాశ్చాత్య విమర్శ రూపొందించిన చట్రం అచ్చయిన స్వీయకథనాలను ఆధారం చేసుకుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో శస్త్రచికిత్స అనుభవం ప్రధానంగా నోటిమాటగా, పరామర్శ సందర్భంలో, ఒకరికంటె ఎక్కువమంది గొంతులతో వ్యక్తమవుతుంది. ఆ కథనంలోని క్రియారూపాలు, ‘అంట’ ప్రయోగం, ‘మందు’ అనే పదానికున్న అర్థచ్ఛాయలు, ఖర్చు లెక్క చెప్పే తీరు సాహిత్య విమర్శకు అందవలసినవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనారోగ్య కథనం, శస్త్రచికిత్స, మౌఖికత, ప్రేరణార్థక క్రియ, పరామర్శ, పల్నాడు, ప్రకాశం.

ఉపోద్ఘాతం

ప్రేమ, యుద్ధం, అసూయ సాహిత్యానికి ముఖ్యవస్తువులైనట్టు అనారోగ్యం ఎందుకు కాలేదని వర్జీనియా ఉల్ఫ్ 1926లో ‘ఆన్ బీయింగ్ ఇల్’ అనే వ్యాసంలో అడిగింది. ఆ ప్రశ్నకు తర్వాతి డెబ్భై ఏళ్లలో పాశ్చాత్య విద్యారంగం తగిన జవాబే ఇచ్చింది. వైద్యుడు గుర్తించే వ్యాధి వేరు, రోగి అనుభవించే జబ్బు వేరని ఆర్థర్ క్లైన్‌మన్ ‘ది ఇల్‌నెస్ నేరటివ్స్’ (1988)లో స్పష్టం చేశాడు. ఏన్ హన్సేకర్ హాకిన్స్ రోగుల స్వీయకథనాలను ఒక ప్రత్యేక ప్రక్రియగా పరిశీలించింది (1993). ముప్ఫై తొమ్మిదేళ్లకు గుండెపోటు, మరుసటి ఏడు క్యాన్సర్ అనుభవించిన సామాజికశాస్త్రవేత్త ఆర్థర్ ఫ్రాంక్ ‘ది వూండెడ్ స్టోరీటెల్లర్’ (1995)లో ఈ కథనాలను మూడు రకాలుగా విభజించాడు: బాగున్నాను, జబ్బుపడ్డాను, మళ్లీ బాగయ్యాను అనే స్వస్థతా కథనం, వరసా ఒడ్డూ లేని కల్లోల కథనం, జబ్బును ఒక అన్వేషణగా మలచుకునే కథనం.

ఈ చట్రాన్ని తెలుగుకు అన్వయించబోయే పరిశోధకుడికి మొదటి చిక్కు సామగ్రి దగ్గరే వస్తుంది. ఫ్రాంక్ వర్గీకరణ వెనుక కొన్ని ఊహలున్నాయి. శరీరం ఒక్కరిది. కథ చెప్పేది ఆ ఒక్కరే. చెప్పడమంటే రాయడం. చదివేవారు అపరిచితులు. నరసరావుపేట, సత్తెనపల్లి, పర్చూరు, మార్టూరు, దర్శి పరిసరాల్లో జరిగే ఆపరేషన్ల కథల్లో వీటిలో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. 2022 పునర్విభజనతో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడి ఈ ఊళ్లలో కొన్నింటి పరిపాలన చిరునామా మారింది కాని, వాటిని కలిపి చూడడానికి కారణాలు మారలేదు. నల్లరేగడి, పత్తి, మిరప, ఒంటికి పెద్ద కష్టం వస్తే గుంటూరు దారి పట్టడం అన్నిటికీ ఉమ్మడి. గుంటూరు వైద్యకళాశాల 1946లో మొదలైంది. దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని ఈ ప్రాంతం నేటికీ ‘పెద్దాసుపత్రి’ అనే పిలుస్తుంది.

నొప్పికి మాటలు

ఉల్ఫ్ ఫిర్యాదులో రెండో భాగం భాష గురించి. వణుకుకూ తలనొప్పికీ ఇంగ్లీషులో మాటలు లేవని ఆమె వాదన. ఎలేన్ స్కారీ ‘ది బాడీ ఇన్ పెయిన్’ (1985)లో ఇంకా ముందుకు వెళ్లి, తీవ్రమైన నొప్పి భాషనే ధ్వంసం చేస్తుందని, మనిషిని మాటలు రాకముందున్న అరుపుల స్థితికి తీసుకుపోతుందని సిద్ధాంతీకరించింది. ఈ రెండు అభిప్రాయాలూ అనువాదమై, తరగతి గదిలో సార్వత్రిక సత్యాలుగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది.

తెలుగు వాడుకను గమనిస్తే పరిస్థితి వేరు. సలపడం, పోటు పెట్టడం, పీకడం, తీపులు, గుంజడం, మెలిపెట్టడం, చుర్రుమనడం, జివ్వుమనడం, కలుక్కుమనడం, మండడం, తొలచడం – ఇవి పర్యాయపదాలు కావు. పుండు సలుపుతుంది, పన్ను పీకుతుంది, కాళ్లు గుంజుతాయి, పక్కటెముక కలుక్కుమంటుంది, కడుపులో మెలిపెడుతుంది. ఒకదాని చోట మరొకటి వాడితే పల్లెటూరి ముసలమ్మ వెంటనే సరిదిద్దుతుంది. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఆగి ఆగి వస్తుందా, ఒకే తీరుగా ఉంటుందా అన్న సమాచారమంతా ఆ క్రియలోనే ఉంది. వీటిలో ధ్వన్యనుకరణాలు ఎక్కువ. స్కారీ చెప్పిన అరుపు తెలుగులో భాషకు బయట మిగిలిపోలేదు. ‘అను’ ధాతువును తోడు తెచ్చుకుని భాషలోకే వచ్చింది.

లోటున్నది రోగి దగ్గర కాదు, రాసుకునేవారి దగ్గర. ఓపీ చీటీ మీదికి వచ్చేసరికి సలుపు, పోటు, పీకుడు మూడూ ‘పెయిన్’ అనే ఒక్క మాటగా మారతాయి. తెలుగు సృజనాత్మక వచనం కూడా ఈ విషయంలో ఓపీ చీటీకి మరీ దూరంగా లేదు. ‘భరించలేని బాధ’, ‘నరకయాతన’ వంటి పడికట్టు మాటలతో పని కానిచ్చే కథలు ఎక్కువ.

‘అంట’: మత్తులో పోయిన గంటలు

ఇంగ్లీషు రచయిత్రి ఫ్యానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో రొమ్ము తొలగించే శస్త్రచికిత్స జరిగింది. కోసినవాడు నెపోలియన్ సైన్యపు వైద్యుడు బారన్ లారీ. మత్తుమందు లేదు. బోస్టన్‌లో ఈథర్ ప్రయోగం బహిరంగంగా జరగడానికి ఇంకా ముప్ఫై అయిదేళ్లుంది. బర్నీ ఆ అనుభవాన్ని 1812లో నెలల తరబడి కూర్చుని తన అక్క ఎస్తర్‌కు ఉత్తరంగా రాసింది. కత్తి దిగడం, వెనక్కి రావడం, మళ్లీ దిగడం ఆమెకు స్వయంగా తెలుసు. తన శస్త్రచికిత్సను తానే చూసిన సాక్షిగా ఒక రచయిత రాసిన అరుదైన పత్రం అది.

1846 తర్వాత ఆ సాక్ష్యం దాదాపు అసాధ్యమైంది. పూర్తి మత్తులో జరిగే ప్రతి ఆపరేషన్ కథకూ నడుమ ఒక ఖాళీ ఉంటుంది. ఒంటికి అన్నిటికంటె పెద్ద ఘటన జరిగిన సమయంలో కథకుడు లేడు. అచ్చయిన స్వీయకథనాలు ఈ ఖాళీని రకరకాలుగా పూడుస్తాయి. వైద్యపత్రాల నుంచి తెచ్చిన వివరాలను ప్రత్యక్ష కథనం ధోరణిలో రాయడం ఒక పద్ధతి. దీపం ఆరి వెలిగినట్టు ఒక పేరా విరిచి దాటేయడం మరొకటి.

మాట్లాడే తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. దానికి ‘అంట’ ఉంది. ‘నాలుగు గంటలు పట్టిందంట.’ ‘రాయి గోలీకాయంత ఉందంట.’ ‘మధ్యలో ఒకసారి బీపీ పడిపోయిందంట.’ శిష్టభాషలోని ‘అట’కు ఈ ప్రాంతపు రూపమైన ఈ చిన్న అవ్యయం, చెబుతున్న విషయం కథకుడు చూసినది కాదని ప్రతి వాక్యం చివరా ముద్ర వేస్తుంది. మత్తు ఇచ్చేదాకా ‘అంట’ ఉండదు: ‘బల్ల మీద పడుకోబెట్టారు’, ‘నడుంలో సూది పొడిచారు’, ‘పైన పెద్ద లైటు’. మెలకువ వచ్చాక మళ్లీ ఉండదు: ‘నోరు పిడచగట్టుకుపోయింది’, ‘నీళ్లు అడిగితే ఇవ్వలేదు’. ‘అంట’ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూస్తే మత్తు ఎప్పుడెక్కిందో ఎప్పుడు దిగిందో గడియారం లేకుండానే గుర్తించవచ్చు. నడుముకిచ్చే మత్తులో మెలకువతోనే ఉన్న మనిషి కథలో ‘అంట’లు తగ్గి, కత్తెరల చప్పుడు, డాక్టర్లు మాట్లాడుకున్న పిల్లల పెళ్లి సంగతులు వచ్చి చేరతాయి. కథకుడి విశ్వసనీయత గురించి ఆధునిక కథనశాస్త్రం పుస్తకాలు రాసిన చోట, ఇక్కడి రైతు ఒక్క అక్షరద్వయంతో పని పూర్తి చేస్తున్నాడు.

ఆ ‘అంట’ ఎవరి మాటకు గుర్తు? ఇది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. థియేటరు తలుపు బయట కూర్చున్న భార్య, కొడుకు, బామ్మర్ది కూడా లోపల జరిగింది చూడలేదు. వారికి డాక్టరు రెండు ముక్కలు చెప్పి ఉంటాడు. వార్డుబాయి నాలుగు ముక్కలు చెప్పి ఉంటాడు. పక్కమంచం రోగి తాలూకు మనిషి, తమవాడికి జరిగినదాన్ని బట్టి మిగతాది ఊహించి చెప్పి ఉంటాడు. కనుక ఆపరేషన్ కథ అనేక నోళ్ల మీదుగా వచ్చి, చివరకు ఆ ఒంటి యజమానికి చేరుతుంది. అతడు దాన్ని తన కథగా చెప్పడం నేర్చుకుంటాడు. రోగి స్వరాన్ని వైద్యం లాగేసుకుంటుందని, కథ చెప్పి అతడు దాన్ని తిరిగి తీసుకుంటాడని ఫ్రాంక్ అంటాడు. ఈ నేలపై ఆ స్వరం ముందునుంచీ ఉమ్మడి ఆస్తే.

కర్త ఎవరు

తెలుగులో జబ్బుపడిన మనిషి వాక్యంలో సాధారణంగా కర్త కాడు. ‘నాకు జ్వరం వచ్చింది’, ‘ఆయనకు గుండెపోటు వచ్చింది’ అంటాం. వచ్చేది జబ్బు, మనిషి అది వచ్చి చేరే చోటు. శస్త్రచికిత్స దగ్గర మాత్రం భాష నాలుగు దారులు చూపిస్తుంది, ఎవరు ఏ దారి తొక్కారన్నదే అసలు కథ.

‘ఆపరేషన్ అయింది’ అన్నప్పుడు చేసినవారు లేరు. వాన పడ్డట్టు అది జరిగిపోయింది. ‘ఆపరేషన్ చేశారు’, ‘కోశారు’ అన్నప్పుడు చేసినవారున్నారు కాని పేరులేదు. గౌరవ బహువచనంలోనో, గుంపు బహువచనంలోనో కలిసిపోయారు. ‘మా పెద్దోడు చేయించాడు’ అన్నప్పుడు కర్త స్థానంలోకి వచ్చింది కోసినవాడూ కాదు, కోయించుకున్నవాడూ కాదు, డబ్బు పెట్టినవాడు. ప్రేరణార్థక ప్రత్యయమైన ‘ఇంచు’ ఇక్కడ వ్యాకరణాన్ని మించిన పని చేస్తోంది. ఏ కొడుకు చేయించాడు, ఏ కొడుకు చేయించలేదు, అల్లుడు ఎంత పెట్టాడు అన్న కుటుంబ చరిత్ర అంతా ఆ క్రియ మోస్తోంది. ఆడపిల్లల పేరు ఆ కర్త స్థానంలో అరుదుగా వినిపిస్తుంది. గాజులు తాకట్టుపెట్టి డబ్బు తెచ్చింది ఆమే అయినా, వాక్యంలో ‘అల్లుడు చేయించాడు’ అనే వస్తుంది.

నాలుగోది ‘చేయించుకున్నాను’. ప్రేరణార్థకానికి ‘కొను’ తోడైన రూపం ఇది. చిన్నయసూరి బాలవ్యాకరణం ‘కొను’ అనుప్రయోగాన్ని ఆత్మనేపదార్థంతో ముడిపెట్టింది, అంటే క్రియాఫలం కర్తకే చెందుతుంది. బల్ల మీద కదలకుండా పడుకున్న మనిషి, వ్యాకరణం దృష్టిలో, అక్కడ జరిగినదానికంతటికీ యజమాని. డబ్బులు తనవైనప్పుడు, నిర్ణయం తనదైనప్పుడు ఈ రూపం నిండుగా పలుకుతుంది. ‘మోకాలు మార్పిచ్చుకున్నా’ అనే పెద్దమనిషి గొంతులో కొత్త ట్రాక్టరు కొన్నప్పటి ధీమా ఉంటుంది.

అయితే ఇదే రూపం ఈ ప్రాంతపు స్త్రీల విషయంలో నిలిపి చూడవలసి ఉంది. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలలో ఇదే అత్యధికం. అంటే ఇక్కడి గ్రామీణ స్త్రీ జీవితంలో గర్భాశయ శస్త్రచికిత్స అసాధారణ ఘటన కాదు. దానికి వాడుకలో స్థిరపడిన మాట ‘సంచి తీయించుకుంది’. ‘తీశారు’ అని ఎవరూ అనరు. క్యాన్సర్ అవుతుందన్న భయం పెట్టినదెవరు, నెలలో కొన్ని రోజులు మిరపకోత కూలి పోతోందన్న లెక్క ఎవరిది, పిల్లలు పుట్టాక ఆ అవయవంతో పనేముందన్న మాట ఎవరి నోట వచ్చింది – ఇవన్నీ ‘తీయించుకుంది’ అనే క్రియ వెనక్కి పోయి, నిర్ణయం ఆమె ఒక్కదాని ఖాతాలో పడుతుంది.

ఇంతవరకే చెప్పి ఆగితే ఆ స్త్రీని మళ్లీ నోరులేనిదాన్ని చేసినట్టవుతుంది. ఆమె నోట ‘తీయించుకున్నా’ అన్న మాటలో కొంత హక్కు ప్రకటన కూడా ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని రక్తస్రావాన్ని తాను ముగించుకుందన్న అర్థాన్ని కొట్టిపారేయలేము. స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ (1991) ద్వారా స్త్రీల శరీరానుభవాన్ని తెలుగులో చర్చకు తెచ్చినప్పుడు, స్త్రీలు తమ శరీరం గురించి తామే తెలుసుకుని మాట్లాడాలన్నది దాని వెనుక ఆశయం. ‘తీయించుకున్నా’ అనే క్రియలో ఆ ఆశయమూ దాని ఓటమీ ఒకేచోట ఉన్నాయి. ఏది ఎంత అనేది ఒక్కొక్క కథనాన్ని పూర్తిగా వినకుండా తేల్చగలిగింది కాదు. స్త్రీవాద విమర్శ కవిత్వంలోని శరీరం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఈ క్రియ మీద పెట్టవలసి ఉంది.

మందు

పత్తి, మిరప పండే నేలలో ‘మందు’ అనే మాటకు నిఘంటువు చెప్పేకంటె ఎక్కువ పని ఉంది. మందు వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. మందు కొడితే పురుగు చస్తుంది. మందు కట్టలు వేస్తే చేను పచ్చబడుతుంది. మందు పెట్టారంటే చేతబడి. మందు తాగాడంటే, అన్నవారి గొంతును బట్టి, సారాయి తాగాడనో చనిపోయాడనో. మత్తుమందు ఇచ్చి కోస్తారు. వీటన్నిటికీ ఒకే మాట ఎందుకన్న ప్రశ్న భాషాచరిత్రకు చెందినది. ఆ ఒక్క మాట కథనంలో ఏం చేస్తుందన్నది విమర్శకు సంబంధించినది.

1987–88లో తెల్లదోమ ఉధృతికి పత్తి పంట పోయి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణాల మీద తెలుగులో కవిత్వం, కథ చాలానే వచ్చాయి. తాగి బతికినవారి కథ మాత్రం రాలేదనే చెప్పాలి. కడుపు కడిగించుకుని, రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండి, ఇంటికి వచ్చిన మనిషి తన అనుభవాన్ని పరామర్శకు వచ్చినవారికి ఎలా చెప్పాలి? అప్పటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ పట్టును సడలించేవరకు ఆసుపత్రి మంచం పక్కన పోలీసు కాగితం కూడా ఉండేది. అటువంటి చోట ‘మందు’ అనే మాటకున్న సందిగ్ధతే ఆసరా. ‘మందు కొడుతుంటే గాలికి ముఖాన పడింది’ అంటే కథ మారిపోతుంది. తాగినవాడు కొట్టినవాడవుతాడు. అనేకార్థకమైన పదం కావ్యంలో శ్లేష అవుతుంది. ఇక్కడ ఒక కుటుంబానికి తలదాచుకునే చోటు అవుతుంది.

నిజంగానే కొడుతూ కొడుతూ విషం పీల్చినవారి సంగతి దీనికి మరో వైపు. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో ఫ్రాన్సెస్కా మాన్సిని బృందం ఒక అధ్యయనం చేసి 2005లో ప్రచురించింది. పత్తి పండించే యాభైమంది స్త్రీలు తమకూ తమ ఇంటి మగవారికీ మందు కొట్టిన ప్రతిసారీ కలిగిన ఇబ్బందులను తామే నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు నమోదైతే, 83.6 శాతం సందర్భాల్లో స్వల్పం నుంచి తీవ్రం దాకా విషప్రభావ లక్షణాలు కనిపించాయి. ఆరు శాతం సందర్భాల్లో నాడీమండలంపై ప్రభావం అత్యంత తీవ్రం. అయినా ఒక్కరూ వైద్యానికి వెళ్లలేదు, ఆసుపత్రిలో చేరలేదు.

ఈ అధ్యయనాన్ని ప్రజారోగ్య శాస్త్రం ఒక విధంగా చదువుతుంది. సాహిత్య విద్యార్థి మరో విధంగా చదవవచ్చు. మందు కలిపి పంపులో పోసే స్త్రీ, కొట్టే మగవాడి ఒంటిలో జరిగేదాన్ని కూడా గమనించి నమోదు చేసింది. ఆమె ఇద్దరి శరీరాలకు కథకురాలు. అధ్యయనం అడగకపోతే ఆ కథనమే లేదు. ఆసుపత్రి లేకపోతే పరామర్శ లేదు. పరామర్శ లేకపోతే కథ లేదు. తల తిరగడం, వాంతి, కళ్లు మసకబారడం ‘మందు కొట్టొచ్చాడు, పడుకున్నాడు’ అనే ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి. జబ్బుగా పేరు పొందకుండానే పోయే ఇటువంటి అనుభవానికి ఫ్రాంక్ మూడు గదుల్లో చోటు లేదు.

మళ్లీ బాగవడం లేనిచోట

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల పరిస్థితి ఇంకా భిన్నం. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రచురించిన పరిశోధన అక్కడి మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడని నిరూపించింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌కు తొలి శాస్త్రీయ నిరూపణ అదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకుంది. నీటి స్వభావం పేరుతో మారలేదు.

ఫ్లోరోసిస్‌కు తేదీ లేదు. ఫలానా రోజు వచ్చిందని చెప్పలేరు, ఫలానా రోజు కోసి తీశారని చెప్పలేరు. పన్ను మీద మచ్చతో మొదలై నడుము వంగడం వరకు దశాబ్దాలు పడుతుంది. కథకు ఉండవలసిన ‘అప్పటికి ముందు’ లేదు, ‘ఆ తర్వాత’ లేదు. పైగా ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా అలాగే ఉన్నప్పుడు పరామర్శించడానికి వచ్చేదెవరు? భూతకాలంలో నడిచే ఆపరేషన్ కథకు భిన్నంగా ఇక్కడ క్రియలన్నీ తద్ధర్మార్థకాలు: లేవలేడు, వంగలేదు, మెడ తిప్పలేదు. స్వస్థతా కథనాన్ని సాధారణ నమూనాగా పెట్టుకుని మిగతావాటిని దానికి భంగాలుగా చూసే పద్ధతి ఈ ఊళ్ల సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

ఎవరు రాశారు

ఈ ప్రాంతపు శస్త్రచికిత్సకు లిఖిత చరిత్ర లేకపోలేదు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన వైద్యురాలు ఏనా కుగ్లర్ 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచింది. 1930లో మరణించేవరకు ఆమె జీవితం ఆ ఆసుపత్రితోనే ముడిపడింది. 1928లో ఆసుపత్రి చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసింది. మిషన్ ఆసుపత్రుల చరిత్రలకు పాఠకులు సముద్రం అవతల ఉన్న దాతలు. ఆ పుస్తకాల్లో రోగి ఉంటుంది, ఆమె మాట ఉండదు. ఉన్నా నిదర్శనంగా ఉంటుంది. ఇది కుగ్లర్ లోపం కాదు, ఆ ప్రక్రియ స్వభావం. తన భార్యకు ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు ఆసుపత్రి ఎదుట రోగుల కుటుంబాల కోసం విశ్రాంతిగృహం కట్టించాడు. ఆయన స్వయంగా సాహితీవేత్త. ఆ కృతజ్ఞత ఒక కట్టడంగా నిలిచింది. మంచం మీద ఉన్న స్త్రీ అనుభవం మాత్రం వైద్యురాలి కలానికీ భర్త దానానికీ నడుమ ఎక్కడో ఉండిపోయింది.

తెలుగు నవలలో ఆసుపత్రి అనగానే కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ గుర్తుకు వస్తుంది. అందులో కథను నడిపేది వైద్యుడు. రచయితలే రోగులైన సందర్భాల్లోనూ విమర్శ వేరే దారి పట్టింది. గొంతు క్యాన్సర్ వల్ల దేవులపల్లి కృష్ణశాస్త్రి 1963లో మాట పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత 1980 దాకా జీవించాడు, రాశాడు. ఆయన మౌనాన్ని మూగవోయిన కోకిలతో పోల్చి పరవశించిన వ్యాసాలకు కొదవలేదు. పదిహేడేళ్లు కాగితం ముక్కల మీద రాసి సంభాషించిన మనిషి దైనందిన అనుభవం ఏమిటన్న ప్రశ్న ఆ ఉపమానం కింద నలిగిపోయింది. జబ్బును రూపకంగా మార్చడం రోగికి అన్యాయమని సూసన్ సొంటాగ్ 1978లో అన్నది ఇటువంటి చదువరితనం గురించే.

పత్రికలు మరో నమూనా తయారు చేశాయి. 2016 మేలో గుంటూరు సర్వజన ఆసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండెమార్పిడి చేసినప్పుడు, ఒక ప్రభుత్వ ఆసుపత్రి సాధించిన విజయంగా దానికి దక్కిన ప్రాధాన్యం సబబే. అయితే గుండెమార్పిడి వార్తలకు ఒక స్థిరమైన వరస ఉంది. దాత, ఖాళీ చేయించిన రహదారి, నిమిషాల లెక్క, విజయవంతం. గ్రహీత చివరి పేరాలో కృతజ్ఞతలు చెబుతాడు. ఆపై జీవితాంతం మింగవలసిన మాత్రలు, ఇతరుడి గుండె తనలో కొట్టుకోవడం గురించిన తలపోత ఆ వరసలో ఇమడవు.

పరామర్శ, పథ్యం, లెక్క

బత్తాయిలు, బ్రెడ్డు పాకెట్టు, కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చే బంధువుల ముందు కథ చెప్పడం ఈ ప్రక్రియకు ప్రదర్శన సందర్భం. రోజుకు నాలుగుసార్లు చెప్పగా చెప్పగా వారం తిరిగేసరికి కథ గట్టిపడుతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చొక్కా ఎత్తి కుట్లు చూపించాలో స్థిరపడుతుంది. పక్కన కూర్చున్న భార్య వంతపాడుతుంది, మరిచిన ఘట్టాన్ని అందిస్తుంది, పెంచి చెప్పినచోట సన్నగా దగ్గుతుంది. వచ్చినవారూ ఊరుకోరు, తమ పెదనాన్నకో మేనత్తకో జరిగిన ఆపరేషన్ కథ ఎదురు పెడతారు. హరికథకు, బుర్రకథకు పెట్టిన మౌఖిక కథన పరిశీలనా పద్ధతులు ఇక్కడ యథేచ్ఛగా పనికొస్తాయి.

పథ్యం కథలో రెండో భాగం. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం, వంకాయ, గోంగూర నిషేధం తెలుగునాట అన్నిచోట్లా ఉన్నవే. గుంటూరు మండలంలో పథ్యమంటే ముందు కారం మానడం. ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి; మనిషి లోపల చప్పిడి చారు అన్నం తింటుంటాడు. కోలుకున్నాడనడానికి డాక్టరు ఇచ్చే కాగితం కంటె, పచ్చడి అడిగాడన్న వార్త ఊళ్లో ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఇక లెక్క. ‘అరెకరం పోయింది’ అన్నది ఇక్కడ ఆసుపత్రి బిల్లుకు కొలత. ఇన్ని టిక్కీలు కోల్డుస్టోరేజీలోంచి ధర రాకుండానే తీసి అమ్మాం, పత్తి డబ్బులు చేతికి రాకముందే కట్టేశాం – ఇలా శరీరం ధర పంట భాషలో పలుకుతుంది. 2007లో మూడు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ ఈ లెక్కను కొంత మార్చింది. ‘కార్డు మీద అయింది’ అన్న కొత్త వాక్యం వచ్చింది. అందులో ఊరట ఉంది. చేయించిన కొడుకు ఆ వాక్యంలోంచి తప్పుకున్నాడు. క్రియ మళ్లీ ‘అయింది’ దగ్గరికి వచ్చింది. కార్డు వర్తించని కౌలురైతు ఇంట పాత వాక్యాలే నడుస్తున్నాయి. నాటకీయత కోసం వెతికే పరిశోధకుడు ఈ లెక్కల భాగాన్ని విషయాంతరమని దాటవేయవచ్చు. కథకుడు మాత్రం అక్కడే గొంతు తగ్గిస్తాడు, లేదా భార్య వైపు చూస్తాడు.

లిఖించడంలో చిక్కు

ఈ కథనాలను సేకరించే పని మొదలైతే మొదటి ప్రమాదం శుద్ధి చేయడం. ‘సంచి తీపిచ్చుకున్నా’ అన్నది ‘గర్భాశయ శస్త్రచికిత్స జరిగింది’గా మారిన క్షణంలో కర్త మాయమవుతుంది. ‘బీపీ పడిపోయిందంట’లోని ‘అంట’ను అనవసరమని తీసేస్తే రోగి తాను లేని చోట ఉన్నట్టు అబద్ధం చెప్పినవాడవుతాడు. పక్కనున్న భార్య అందించిన మాటలను అంతరాయంగా భావించి వదిలేస్తే, రెండు గొంతుల కథ ఒక్క గొంతుదై, ఫ్రాంక్ చట్రంలో చక్కగా ఇమిడిపోతుంది.

రెండో ప్రమాదం పేర్లకు సంబంధించినది. జానపద కథకుడి పేరు, ఊరు, వయసు అనుబంధంలో ఇవ్వడం తెలుగు పరిశోధనలో గౌరవసూచకమైన సంప్రదాయం. గర్భసంచి తీయించుకున్న స్త్రీ విషయంలో, మందు తాగి బతికిన రైతు విషయంలో అదే పట్టిక హాని చేయగలదు. పేరు తీసేస్తే కథకుడికి చెందవలసిన కర్తృత్వం పోతుంది. ఉంచితే అతడు పదిలంగా దాచుకున్న ‘మందు’ శ్లేష బయటపడుతుంది. జానపద విజ్ఞానం నుంచి వచ్చిన సేకరణ నియమావళి ఈ సందర్భాన్ని ఊహించి తయారైనది కాదు. పల్నాడులో గానీ పొదిలిలో గానీ రికార్డరు తెరిచేలోపు, ప్రతి కథకుడినీ విడిగా అడిగి, అతడు ఏ క్రియతో తన కథ అచ్చులో ఉండాలనుకుంటున్నాడో తెలుసుకోవలసి ఉంటుంది.